ప్రొద్దుటూరు ఇంట్లో ఏ ట్యూనర్ పెట్టుకోవాలి? ముల్లు 900 దగ్గర ఆగిన కథ

పాత స్టీరియో సెట్ల మీద ఈ మధ్య కుర్రాళ్ళకి మోజు పెరిగింది. ఒక ఆంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్లు, దొరికితే ఒక రికార్డు ప్లేయర్. ఇవన్నీ కుదిరాక చివర్లో ఒక ప్రశ్న మిగులుతుంది. ట్యూనర్ ఏది కొనాలి? నెట్‌లో వెతికితే జపాన్ మోడళ్ళు, అమెరికా మోడళ్ళు అంటూ పెద్ద పెద్ద జాబితాలు వస్తాయి. అవి రాసినవాళ్ళ ఊళ్ళల్లో నాబ్ కాస్త కదిపితే చాలు, ఇంకో ఎఫ్ఎం స్టేషన్ పలుకుతుంది. మనం మాట్లాడుకునేది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గురించి. ఈ మూడు ఊళ్ళకి గాలిలో ఏమొచ్చింది, ఎప్పుడొచ్చింది, ఎంత దూరం నుంచి వచ్చింది అనేది చూసుకోకుండా ట్యూనర్ కొంటే, చేపలు లేని చెరువుకి ఖరీదైన వల కొన్నట్టే.

ముందే చెప్పేస్తాను. మన మూడు ఊళ్ళ రేడియో చరిత్ర మీడియం వేవ్ చరిత్ర. అంటే డయల్ మీద ఏఎం అని రాసి ఉంటుందే, అది. పేరున్న ట్యూనర్లన్నీ ఎఫ్ఎం కోసం పుట్టినవి. వాటిలో ఏఎం భాగాన్ని కంపెనీవాళ్ళు సవతి బిడ్డలాగా చూశారు. ఈ ఎపిసోడ్ అంతా ఆ తేడా గురించే.

ట్యూనర్ అనే మాట కొందరికి కొత్త కావచ్చు. మామూలు రేడియోలో మూడు పనులు ఒకే డబ్బాలో జరుగుతాయి. గాలిలో ఉన్న వంద తరంగాల్లోంచి ఒక్కదాన్ని ఎంచి పట్టడం, దానిలోంచి మాటనీ పాటనీ విడదీయడం, ఆ శబ్దాన్ని పెంచి స్పీకర్‌కి పంపడం. స్టీరియో సిస్టంలో మూడో పని ఆంప్లిఫయర్ చేస్తుంది. మొదటి రెండు పనులు మాత్రమే చేసే పెట్టె ట్యూనర్. దానికి స్పీకర్ ఉండదు, వెనకాల రెండు వైర్లు ఉంటాయి, అవి ఆంప్లిఫయర్‌కి పోతాయి, అంతే.

స్టేషన్ పట్టే పద్ధతి 1918 నాటిది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికా ఇంజనీరు కనిపెట్టాడు. వచ్చే ప్రతి తరంగాన్నీ ముందు ఒకే స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చేసి, అక్కడ వడపోయడం. ఏఎం సెట్లలో ఆ స్థిరమైన ఫ్రీక్వెన్సీ సాధారణంగా 455 కిలోహెర్ట్జ్. ఎఫ్ఎంలో 10.7 మెగాహెర్ట్జ్. పెద్దవాళ్ళ ఇళ్ళల్లో అటక మీద ఉన్న మర్ఫీ సెట్టులోనూ ఇదే సూత్రం, లక్షలు పలికే జపాన్ ట్యూనర్‌లోనూ ఇదే సూత్రం. తేడా అంతా వడపోత ఎంత సన్నగా, ఎంత శుభ్రంగా జరుగుతుందనే దాంట్లో.

ఇక మన ఊళ్ళకి వద్దాం.

1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. అప్పటికి కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. తెలుగు కార్యక్రమాలు కూడా ఆ కేంద్రం నుంచే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. హైదరాబాదులో నిజాం కాలం నుంచే రేడియో ఉండేది. ఇప్పుడు మ్యాపు తీసి ప్రొద్దుటూరు మీద వేలు పెట్టండి. తిన్నగా గీత గీసి కొలిస్తే మద్రాసు దాదాపు 260 కిలోమీటర్లు. విజయవాడ 300కి దగ్గర. హైదరాబాదు కూడా 290 పైనే. తెలుగు రేడియోకి మూడు పెద్ద ఊళ్ళు, ఆ మూడింటికీ మనం సమానంగా దూరం. రాయలసీమకి అన్నీ దూరమే అనే మాట రేడియో విషయంలో అక్షరాలా నిజం.

ఈ దూరం ఎందుకు ముఖ్యమంటే, మీడియం వేవ్‌కి పగలు ఒక స్వభావం, రాత్రి ఒక స్వభావం. పగలు తరంగం నేలని పట్టుకుని పాకుతుంది, పోయేకొద్దీ నీరసిస్తుంది. 260 కిలోమీటర్లు వచ్చేసరికి ఆ రోజుల్లోని ట్రాన్స్‌మిటర్ల బలానికి మిగిలేది గుసగుస. పైకి పోయిన తరంగాన్ని పగటిపూట ఎండవల్ల ఏర్పడే ఒక గాలిపొర మింగేస్తుంది. పొద్దుగుంకితే ఆ పొర చెదిరిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైనున్న పొరకి తగిలి, అద్దానికి తగిలిన వెలుతురులాగా కిందికి వస్తుంది. అందుకే రాత్రి మద్రాసూ హైదరాబాదూ పక్క వీధిలో ఉన్నట్టు పలుకుతాయి, మళ్ళీ అంతలోనే ఎవరో గొంతు నొక్కినట్టు దిగిపోతాయి. మీ తాతయ్యని అడగండి, నాటకం మధ్యలో రేడియో మాయమవడం అంటే ఏమిటో చెప్తారు.

అందుకే ఆ కాలంలో సెట్టుతో పాటు ఏరియల్ కూడా ముఖ్యమే. మిద్దె మీద రెండు కొయ్యలు పాతి రాగి తీగ కట్టేవాళ్ళు, లేదంటే ఇంట్లోనే ఆ కొస నుంచి ఈ కొసకి వలలాగా అల్లిన రాగి పట్టీ వేలాడదీసేవాళ్ళు. ఇంకో తీగ నేలలోకి. కరెంటు లేని పల్లెల్లో వాల్వు రేడియోలు ఇటుకలంత డ్రై బ్యాటరీలతో నడిచేవి. పైగా రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి. పోస్టాఫీసుకి పోయి ఏటా పదో పదిహేనో రూపాయలు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఈ పద్ధతి 1980ల నడుమ దాకా నడిచింది. ఇప్పుడు ఫోనులో వేలితో నొక్కి పాట వింటున్నవాళ్ళకి ఇది వింతగా అనిపిస్తుంది కానీ, పాట వినడానికి అనుమతి కాగితం ఉండేది మరి.

అప్పట్లో సెట్టు ఎంచుకోవడంలో ఒకటే లెక్క: షార్ట్ వేవ్ బ్యాండ్లు ఎన్ని? దానికి కారణం ఢిల్లీలో ఉంది. 1952లో బి.వి. కేస్కర్ ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆలిండియా రేడియోలో సినిమా పాటలకి గేటు పడింది. పాటలు కావాలన్నవాళ్ళు సముద్రం దాటి రేడియో సిలోన్‌కి ముల్లు తిప్పారు. హిందీవాళ్ళకి అమీన్ సయానీ ఎలాగో, తెలుగువాళ్ళకి సిలోన్ అంటే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు అలాగ. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టి ఆకాశవాణి తన శ్రోతల్ని వెనక్కి పిలుచుకుంది. అది కూడా మొదట బొంబాయి, మద్రాసుల్లోని షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్ల మీదే. అంటే ప్రొద్దుటూరు అంగట్లో రెండు బ్యాండ్ల సెట్టుకీ మూడు బ్యాండ్ల సెట్టుకీ మధ్య నిలబడి ఆలోచించే మనిషి, నిజానికి సినిమా పాటలు కావాలా వద్దా అని ఆలోచిస్తున్నాడన్నమాట.

తర్వాత 1963. కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. మొదట్లో పెద్ద కేంద్రాల ప్రసారాలు అందుకుని తిరిగి వదిలే కేంద్రంగా మొదలై, తర్వాత సొంత కార్యక్రమాలు పెంచుకుంది. "333.3 మీటర్లు అనగా 900 కిలోహెర్ట్జ్" అనే ప్రకటన విని పెరిగినవాళ్ళు జిల్లాలో లక్షల్లో ఉంటారు. ఈ రెండు అంకెలు వేర్వేరు కాదు. కాంతి వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగం పొడవు వస్తుంది. మూడు లక్షల కిలోమీటర్లని తొమ్మిది లక్షలతో భాగించండి, కిలోమీటరులో మూడో వంతు. అదే 333.3 మీటర్లు. కడప తరంగం ఒక్కటి నిలబెడితే మూడు వందల మీటర్ల పైన ఉంటుంది. అంత పొడవైన తరంగానికి చిన్న చిన్న గుట్టలు అడ్డే కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎఫ్ఎం దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

దూరాలు చూడండి. కడప నుంచి ప్రొద్దుటూరు తిన్నగా 40 కిలోమీటర్ల చిల్లర. జమ్మలమడుగు, పులివెందుల రెండూ 60 పైచిలుకు, ఒకటి పెన్న గట్టున, ఇంకోటి పడమటి వైపు. మీడియం వేవ్‌కి ఇది పక్క వాకిలితో సమానం. దరిదాపు 300 నుంచి ఒక్కసారిగా 60కి దిగాం. పగలు పన్నెండింటికి, మండుటెండలో, శెనక్కాయ చేను గట్టు మీద కూడా రేడియో పలకడం మొదలైంది. మిద్దె మీద కొయ్యలు అక్కర్లేదు. సరిగ్గా అదే కాలంలో ట్రాన్సిస్టర్ వచ్చింది. అమెరికాలో మొదటి ట్రాన్సిస్టర్ రేడియో 1954లో అమ్మకానికి పెట్టారు. 1960లు, 70ల్లో మన దగ్గర మర్ఫీ, బుష్, ఫిలిప్స్ ట్రాన్సిస్టర్లు సైకిల్ హ్యాండిల్‌కి వేలాడాయి. స్టేషన్ దగ్గరికి రావడం, సెట్టు చిన్నదవడం రెండూ కలిసొచ్చాయి.

ఒక్కసారి ఆలోచించండి, అప్పటి ట్రాన్సిస్టర్‌లో ట్యూనర్ ఎంత ముతకది! చిన్న ఫెర్రైట్ కడ్డీ, దాని మీద తీగ చుట్టలు, తిప్పడానికి ఒక చక్రం. అయినా వార్తలు, ధరవరలు, వ్యవసాయ కార్యక్రమం, నాటకం అన్నీ స్పష్టంగా వినబడేవి. కారణం సెట్టు గొప్పతనం కాదు, స్టేషన్ దగ్గరగా ఉండటం. ట్యూనర్ కొనేవాళ్ళకి చరిత్ర నేర్పే మొదటి పాఠం ఇదేనని నా ఉద్దేశం. పెట్టె ఖరీదు కంటే టవర్ దూరం ముఖ్యం.

ఇప్పుడు కువైట్. కడప జిల్లా నుంచి కువైట్‌కి పోయినవాళ్ళ గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. 1970ల చివర, 80ల్లో సెలవుకి వచ్చినవాళ్ళ సామాన్లలో బంగారం, సెంటు, దుప్పటి, వీటితో పాటు ఒక టూ-ఇన్-వన్ తప్పనిసరి. నేషనల్ పానాసోనిక్, సాన్యో, షార్ప్. రెండు స్పీకర్లు, స్టీరియో అని వెండి అక్షరాలు. డయల్ మీద మీడియం వేవ్, షార్ట్ వేవ్, వాటి పక్కన 88 నుంచి 108 దాకా ఎఫ్ఎం అని ఇంకో గీత. ఆ గీత మీద ముల్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపితే వినబడేది ఒకటే, నూనెలో అప్పడం వేసినట్టు చప్పుడు. దేశంలో మొదటి ఎఫ్ఎం ప్రసారం 1977 జూలై 23న మద్రాసులో మొదలైంది గానీ, ఆ తరంగం మన కొండలు దాటి ఇటు రాదు. ఎఫ్ఎం స్టీరియో ట్యూనర్ మన ఇళ్ళకి ముందు వచ్చింది, ఎఫ్ఎం స్టేషన్ తర్వాత వచ్చింది. ఆ సెట్లు చివరికి క్యాసెట్ ప్లేయర్లుగానే బతికాయి. రేడియో కావాలంటే మళ్ళీ ముల్లు 900 దగ్గరికే.

సరే, మరి ఎఫ్ఎం గొప్పతనం ఏమిటి? ఇది కూడా ఆర్మ్‌స్ట్రాంగ్ పనే, 1933లో పేటెంట్ తీసుకున్నాడు. ఏఎంలో శబ్దాన్ని తరంగం ఎత్తులో దాస్తారు. పిడుగు, మోటారు స్టార్టర్, ట్యూబ్‌లైట్ ఇవన్నీ కూడా తరంగం ఎత్తునే చెడగొడతాయి, అందుకే గరగర. ఎఫ్ఎంలో శబ్దాన్ని ఫ్రీక్వెన్సీ మార్పులో దాస్తారు. ఎత్తులో వచ్చిన చెత్తని కత్తిరించి పారేయొచ్చు. పైగా ఏఎం స్టేషన్లకి మధ్య మన దగ్గర 9 కిలోహెర్ట్జ్ జాగా మాత్రమే. 1978 నవంబరు నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ లెక్క ఇది. మన 900 కూడా తొమ్మిదిని వందతో గుణిస్తే వచ్చేదే. ఆ ఇరుకులో శబ్దం నాలుగైదు కిలోహెర్ట్జ్ మించి పట్టదు. ఎఫ్ఎంలో 15 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది. తబలా మీద వేలి దెబ్బ, వీణ తీగ మీద గోరు గీత ఎఫ్ఎంలోనే తెలుస్తాయి. 1961లో అమెరికాలో స్టీరియో ఎఫ్ఎం మొదలయ్యాక ట్యూనర్లకి స్వర్ణయుగం వచ్చింది. మరాంజ్ 10బి, మెకింటోష్ ఎంఆర్ 78, సాన్సుయి టియు-ఎక్స్1 లాంటి పేర్లు అక్కడివే. వాటిలో డబ్బంతా దేనికి పోసారంటే, పక్కపక్కనే నిలబడ్డ రెండు బలమైన స్టేషన్లని కత్తితో కోసినట్టు విడదీయడానికి. న్యూయార్క్‌లో అది ప్రాణావసరం. జమ్మలమడుగులో విడదీయడానికి పక్కన ఇంకో స్టేషన్ ఉండాలి కదా!

ఎఫ్ఎంకి ఇంకో నియమం ఉంది. తరంగం పొడవు మూడు మీటర్లే. అది నేల మీద పాకదు, దాదాపు చూపు పోయినంత దూరమే పోతుంది. ఒక చిన్న లెక్క చెప్తాను, నోటు చేసుకోండి. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం, మీ ఏరియల్ ఎత్తు వర్గమూలం, రెండూ కలిపి 4.1తో గుణించండి. వచ్చిందే కిలోమీటర్లలో దూరం. కడపలో వంద మీటర్ల టవర్, మీ మిద్దె మీద పది మీటర్ల ఏరియల్ అనుకుంటే పదీ మూడూ కలిపి పదమూడు, దాన్ని 4.1తో గుణిస్తే 53, 54 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు దాని లోపలే ఉంది. జమ్మలమడుగు, పులివెందుల గీత బయట పడ్డాయి. అది కూడా నేల బల్లపరుపుగా ఉంటేనే. మన నేల సంగతి మీకు తెలుసు. 1990ల్లో అనంతపురంలో, కర్నూలులో ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రాలు పెట్టారు. పులివెందుల నుంచి అనంతపురం 70 కిలోమీటర్ల పైనే, జమ్మలమడుగు నుంచి కర్నూలు వంద పైనే, మధ్యలో ఎర్రమల కొండలు. గండికోట దగ్గర పెన్న ఆ కొండని కోసుకుని పోయింది గానీ ఎఫ్ఎం తరంగానికి అంత ఓపిక లేదు.

కాబట్టి పులివెందులలో లక్ష రూపాయల ఎఫ్ఎం ట్యూనర్ కొని, లోపల ఒక మూరెడు తీగ తగిలించి, ఏమీ రావట్లేదని బాధపడితే తప్పు ట్యూనర్‌ది కాదు. అదే డబ్బులో ఇరవయ్యో వంతు పెట్టి మిద్దె మీద నాలుగైదు కడ్డీల ఎఫ్ఎం యాగీ యాంటెన్నా ఎత్తి, కావలసిన ఊరివైపు తిప్పండి. మామూలు ట్యూనర్ కూడా మాట వింటుంది. ఒకప్పుడు దూరదర్శన్ కోసం ప్రతి మిద్దె మీదా నిలబడ్డ యాంటెన్నాలాంటిదే ఇది.

పాత ట్యూనర్ కొనేవాళ్ళు పడే గోతులు మూడు చెప్తాను, ఎందుకంటే ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు వీటి గురించి నోరెత్తరు. జపాన్ దేశంలో అమ్మడానికి చేసిన సెట్టు 100 వోల్టులది, అమెరికాది 120. మన 230లో తిన్నగా గుచ్చితే పాటకి ముందు పొగ వస్తుంది. రెండోది, జపాన్‌లో ఎఫ్ఎం బ్యాండ్ చాలా కాలం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే. ఆకాశవాణి ఎఫ్ఎం స్టేషన్లు ఎక్కువగా వంద పైన కూర్చున్నాయి, ఆ డయల్ మీద వాటికి చోటే లేదు. మూడోది అమెరికా డిజిటల్ ట్యూనర్లది, ఇది కాస్త విచిత్రం. అక్కడ స్టేషన్లన్నీ బేసి అంకె మీదే ఆగుతాయి, 101.9, 102.1 అలా. చాలా సెట్లు ఆ అంకెల మీదే గెంతుతాయి. హైదరాబాద్ వివిధభారతి 102.8, విజయవాడ రెయిన్‌బో 102.2. సరి అంకెలు. గెంతుతూ పోయే ట్యూనర్ వాటి మీద నిలబడదు. ఏఎంలో కూడా అంతే, అక్కడ పదేసి కిలోహెర్ట్జ్ మెట్లు, ఇక్కడ తొమ్మిదేసి. వెనకవైపు 9, 10 అని చిన్న స్విచ్ ఉందేమో చూడండి. మన అదృష్టం ఏమిటంటే 900 తొమ్మిదికీ పదికీ రెండిటికీ సరిపోతుంది. విజయవాడ 837, హైదరాబాద్ 738 మాత్రం పదుల మెట్ల మీద దొరకవు. ముల్లూ నాబూ ఉన్న పాత అనలాగ్ సెట్టుకి ఈ గొడవే లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఏఎం భాగం. పేరున్న ట్యూనర్లలో కూడా ఏఎం పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. స్టేషన్ నాలుగైదు కిలోహెర్ట్జ్ దాకా పంపుతుంటే, లోపలి చౌక ఫిల్టర్ రెండున్నర, మూడు దగ్గరే కోసేస్తుంది. కంపెనీవాళ్ళ లెక్క సింపుల్. హైఫై కొనేవాడు ఏఎం వినడు, దానికి ఖర్చెందుకు? లెక్క అమెరికాలో కరెక్టేమో. కడప జిల్లాలో మాత్రం తలకిందులు. అందుకని కొనేముందు స్పెసిఫికేషన్‌లో ఏఎం కోసం వైడ్, నారో అని రెండు వడపోతలు ఉన్నాయేమో వెతకండి. 60 కిలోమీటర్ల దూరంలో స్టేషన్ ఉన్నవాళ్ళకి వైడ్ పనికొస్తుంది, గొంతు విచ్చుకుంటుంది. వెనకాల ఏఎం ఏరియల్ పెట్టుకోడానికి స్క్రూలు ఉండాలి. కొన్ని యూరప్ మోడళ్ళలో ఏఎం అసలే ఉండదు, అవి మనకి వద్దు.

కొన్నాక ఇంటికి తెచ్చి వింటే గరగర వస్తుంది. వెంటనే ట్యూనర్‌ని తిట్టొద్దు. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, వైఫై పెట్టె అడాప్టర్ ఒక్కొక్కటిగా ఆపి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. చేల దగ్గర ఇళ్ళకి బోరు మోటార్ స్టార్టర్ల బాధ అదనం. దీనికి పాత మందు ఒకటుంది. రెండడుగుల చదరం చెక్క ఫ్రేము చేసి దాని చుట్టూ పది చుట్లు తీగ చుట్టి, రెండు కొసల మధ్య పాత రేడియోలో ఉండే గ్యాంగ్ కండెన్సర్ కట్టండి. ఆ ఫ్రేముని ట్యూనర్ ఫెర్రైట్ కడ్డీ పక్కన పెట్టి గ్యాంగ్ తిప్పుతుంటే ఒకచోట స్టేషన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఫ్రేముని అటూ ఇటూ తిప్పితే గరగర వచ్చే దిక్కుని మూసేయొచ్చు కూడా. వైరు వేరే తగిలించాల్సిన పనే లేదు.

ఒక చిన్న పక్కమాట. అనలాగ్ సెట్టులో ముల్లు 900 దగ్గరికి తెస్తుంటే సన్నటి ఈల ఒకటి పైకీ కిందికీ జారుతుంది. ఇందాక 455 అన్నాను కదా, దానికి రెట్టింపు 910. మన స్టేషన్‌కి పదే దూరం. సెట్టు లోపల పుట్టిన ఆ రెట్టింపు తరంగం, కడప నుంచి వచ్చిన తరంగం ఒకదానితో ఒకటి రాసుకుని ఈల వేస్తాయి. సెట్టు చెడిపోలేదు. 900 పక్కన పుట్టిన జిల్లాకి ఇది నుదుటి రాత.

ఇంత కష్టం ఎందుకు, ఫోన్‌లో ఆకాశవాణి యాప్ ఉంది కదా అంటారు. ఉంది, శుభ్రంగా పలుకుతుంది, హైదరాబాద్‌లో కూర్చుని కడప వినాలంటే అదే దారి. కానీ అది రేడియో కాదు. డేటా ప్యాక్, సెల్ టవర్, దాని వెనక కరెంటు, దాని వెనక సర్వర్ ఇన్ని గొలుసుల మీద ఆ గొంతు వేలాడుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని కొట్టినప్పుడు సెల్ నెట్‌వర్కులు కుప్పకూలాయి, లక్షల ఫోన్లు చేతిలో ఉన్నా ఊరికి మాట లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున మన జిల్లాలోనే అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడింది. అలాంటి రోజున ఒక్క ట్రాన్స్‌మిటర్ నిలబడితే, రెండు సెల్లుల రేడియో ఉన్న ప్రతి ఇంటికీ ఒకేసారి మాట చేరుతుంది. ఎంతమంది విన్నా సిగ్నల్ తగ్గదు, బఫరింగ్ ఉండదు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఫోన్ కంపెనీలకి ఎఫ్ఎం రేడియో తీసేయొద్దని సూచన ఇచ్చింది. మంచిదే. అయితే ఆ సూచనలో ఉన్నది ఎఫ్ఎం. మీడియం వేవ్ పట్టే ఫోన్ మార్కెట్‌లో లేదు, దానికి కావలసిన ఫెర్రైట్ కడ్డీ ఫోన్ మందంలో ఇమడదు.

ఇంకోవైపు ప్రపంచమంతా మీడియం వేవ్ టవర్లు ఆరిపోతున్నాయి. జర్మనీ 2015 చివరికల్లా జాతీయ రేడియో మీడియం వేవ్ ఆపేసింది. మన దేశంలో 2019లో ఆకాశవాణి నేషనల్ ఛానల్ మూతపడింది. కరెంటు ఖర్చు, పాత యంత్రాలు, తగ్గిన శ్రోతలు అని కారణాలు చెప్తారు, అబద్ధాలేం కావు. పెద్ద కేంద్రాల్లో కొన్నింటిని డిజిటల్‌కి మార్చారు, దాదాపు ముప్పై అయిదు మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు డీఆర్ఎం పద్ధతిలో పలకగలవు. పట్టే రిసీవర్లు కొత్త కార్లలో తప్ప అంగళ్ళలో కనబడటం కష్టం. పల్లెకి టవర్ ఉంది, సెట్టు లేదు. కువైట్ టూ-ఇన్-వన్ కాలంలో సెట్టు ఉంది, టవర్ లేదు. మన జిల్లాకి ఈ రెండూ ఒకేసారి కుదిరిన కాలం 1960ల నుంచి 90ల దాకా, ఒక ముప్పై ఏళ్ళు.

కాబట్టి మీ స్టీరియో పక్కన ఖాళీ జాగా ఉంటే నా సలహా ఇది. ప్రొద్దుటూరులో ఉంటే ఏఎం, ఎఫ్ఎం రెండూ ఉన్న, 230 వోల్టులకి చేసిన, ముల్లు తిప్పే మామూలు యూరప్ లేదా ఇండియా మోడల్. జమ్మలమడుగు, పులివెందులవాళ్ళు డబ్బులో సగం ఏరియల్‌కి పక్కన పెట్టుకుని మిగతా సగంలో సెట్టు చూసుకోండి, ఏఎంలో వైడ్ ఉంటే బేరం ఆడకండి. కొనేచోట పగలు పదకొండు గంటలకి ముల్లు 900 మీద పెట్టి వినండి. పగలు పలికితే నేల తరంగం అందుతోందని అర్థం, అది ఏడాది పొడుగునా ఉంటుంది. అదే సెట్టు రాత్రి తొమ్మిదికి 720 మీద చెన్నైనీ, 738 మీద హైదరాబాద్‌నీ, 837 మీద విజయవాడనీ విడివిడిగా పట్టగలిగితే వడపోత బాగున్నట్టే. పాత డయల్ ముల్లు రెండు మూడు అంకెలు అటూ ఇటూ చూపిస్తుంది, దానికి మెకానిక్ దగ్గరికి పోనక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ చెక్క ఫ్రేము లూప్‌ని కెమెరా ముందు చుట్టి చూపిస్తాను, గ్యాంగ్ కండెన్సర్ కోసం ఈలోపు అటక మీద ఉన్న పాత సెట్టు ఒకటి దించి పెట్టుకోండి.